సున్నా వచ్చిందంటే ఉన్నట్టా, లేనట్టా?

వేదిక మీది పెద్దలకు, హెచ్‌ఓడీ గారికి నమస్కారం. శాలువాలవీ తర్వాత చూద్దాం సార్. మెస్ గంట కొడితే ఈ పిల్లలు ఒక్కరూ ఆగరు.

గో అనే ప్రోగ్రామింగ్ భాషలో మ్యాప్ గురించి మాట్లాడమన్నారు. మ్యాప్ అంటే ఒక్కో కీకి, అంటే గుర్తుకి, ఒక్కో విలువను జత చేసి దాచుకునే పట్టిక. 2009లో గూగుల్ బయటపెట్టిన భాష ఇది. ఏ రకం డేటానో ముందే చెప్పాలి. అందుకే మ్యాప్ డిక్లేర్ చేసేటప్పుడు కీ స్ట్రింగ్, విలువ ఇంట్ అని రెండూ రాస్తాం. స్ట్రింగ్ అంటే అక్షరాలు, ఇంట్ అంటే పూర్ణసంఖ్య. వార్ అని పెట్టి పేరు, రకం రాసి అంతటితో ఆపితే మాత్రం చేతికొచ్చేది నిల్ మ్యాప్, అంటే ఇంకా తయారు చేయని మ్యాప్. అలిపిరిలో లగేజీ కౌంటర్ బోర్డు పెట్టి, లోపల అరలు కట్టనట్టు. ‘నా బ్యాగు ఉందా?’ అంటే ‘లేదు’ అంటారు, నిజమే. ‘ఈ బ్యాగు పెట్టుకోండి’ అంటే ఎక్కడ పెడతారు? నిల్ మ్యాప్‌లో విలువ పెట్టబోయినా అంతే, ప్రోగ్రామ్ నడుస్తూనే ప్యానిక్ అయి ఆగిపోతుంది. కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ ముందుగా హెచ్చరించదు కూడా. కాబట్టి మేక్ అనే ఫంక్షన్‌తో మ్యాప్ తయారు చేసుకోండి. విలువలు ముందే తెలిస్తే కర్లీ బ్రాకెట్లలో అక్కడే రాసేయండి.

ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నాయి. నేను వచ్చింది వేరే మాట చెప్పడానికి.

మ్యాప్‌లో లేని కీ అడిగినా గో గొడవ చేయదు. ఇంట్ అయితే సున్నా ఇచ్చేస్తుంది. మా చెల్లెలు చిత్తూరు నుంచి ఇక్కడి ఒక కాలేజీకి మారింది. రోజూ క్లాసుకు పోయింది. సెమిస్టర్ చివర కంప్యూటర్‌లో అటెండెన్స్ సున్నా! “సున్నా అంటే ఒక్కరోజూ రాలేదనే కదమ్మా” అన్నాడు ఆఫీసులో ఆయన. లెక్చరర్లు వచ్చి చెప్పినా స్క్రీనే చూపించాడు. తీరా చూస్తే ఆ పిల్ల నంబరు అసలు ఎక్కించనే లేదు. ఈలోగా ఫీజు గడువు దాటింది. ఫైన్ మాత్రం మా నాన్న కట్టాడు. ఆ రసీదు ఇప్పటికీ ఆయన బీరువాలో ఉంది, ఇంటికెవరొచ్చినా తీసి చూపిస్తాడు.

వెనక బెంచీ బాబూ, ఫోను పక్కన పెట్టు నాయనా. రేపు ఆ సున్నా నీకే రావచ్చు.

గోలో దీనికి దారి ఉంది. విలువ తీసుకునేటప్పుడు కామా పెట్టి రెండో వేరియబుల్ కూడా తీసుకోండి. ఓకే అని పేరు పెట్టడం అలవాటు. కీ ఉంటే ట్రూ, లేకుంటే ఫాల్స్. సున్నాతో ట్రూ వస్తే ఆ పిల్ల రాలేదు. ఫాల్స్ వస్తే మీరు ఎక్కించలేదు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనపడనివ్వకండి.

ఫైనలియర్ ప్రాజెక్టుగా అటెండెన్స్ సిస్టం చేస్తున్నవాళ్లు చేతులెత్తండి. ఇంతమందా! ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ముందుకు రండి, మీ కోడ్‌లో ఆ లైను ఇప్పుడే వెతుకుదాం.