క్లయింట్ చేత "అంతా చెప్పించేయాలి" అనుకునే థెరపిస్టులకి

నమస్తే అండీ. నెల్లూరు, ఒంగోలు వైపు కొత్తగా కౌన్సెలింగ్ మొదలుపెట్టిన వాళ్ళు నాతో మాట్లాడినప్పుడల్లా ఒకటే అడుగుతుండారు, "మేడమ్, క్లయింట్ అసలు విషయం చెప్పట్లేదు, ఎట్టా చెప్పించేది?" అని. నాకు కోపం వస్తది. చెప్పించడం మన పని అని ఎవురు చెప్పారు మీకు? లోపలుండేదంతా కక్కేస్తే మనసు తేలికైపోతది అని మన జనంలో ఒక నమ్మకం ఉండాది, కాంప్లెక్స్ ట్రామా, అంటే ఏళ్ళ తరబడి పడ్డ హింస మనసులో మిగిల్చిన గాయం, ఉన్న మనిషి దగ్గర అట్టా చేస్తే తేలిక పడటం అటుంచి, మళ్ళీ సెషన్‌కే రాకపోవచ్చు.

పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత ఆ భయం మనిషిని వదలకుండా వెంటాడే జబ్బు, అది మీకు తెలుసు, వదిలేస్తా. కాంప్లెక్స్ పీటీఎస్‌డీ మాత్రం తప్పించుకునే దారి లేనిచోట పదేపదే, ఏళ్ళ తరబడి జరిగిన దాని వల్ల వచ్చేది, చిన్నప్పటి నుంచి ఇంట్లో హింస, లైంగిక వేధింపులు, మొగుడి చేతిలో దెబ్బలు, ఇట్టాంటివి. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో, దీనికి 6బీ41 అని వేరే కోడే ఉండాది. పీటీఎస్‌డీ లక్షణాలకి తోడు ఇంకో మూడు చూస్తాం: ఎమోషన్స్ చేతిలో ఉండవు, నేను దేనికీ పనికిరాను అనే నమ్మకం పాతుకుపోయి ఉంటది, ఎవురితోనూ దగ్గరితనం నిలవదు. ఆ మూడోదాని గురించి ఒక్క నిమిషం ఆలోచించండి, మనుషుల వల్లే దెబ్బతిన్న మనిషి, ముక్కూమొహం తెలియని ఇంకో మనిషి ముందు తలుపులేసిన రూములో కూర్చోవాల. ఆ మనిషికి భయం మీరే.

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చూసే ఉంటారు. హేచరీ నుంచి సీడ్, అంటే రొయ్య పిల్లలు, సంచుల్లో వస్తది, తెచ్చింది తెచ్చినట్టు గుంటలో కుమ్మరించే రైతు ఉంటాడా? సంచిని నీళ్ళ మీద తేలేస్తారు, లోపలి వేడి బయటి వేడి ఒకటయ్యేదాకా. తర్వాత మూతి విప్పి గుంట నీళ్ళు కొంచెం కొంచెంగా కలుపుతారు, ఉప్పు తేడా అలవాటు కావాల గదా. అప్పుడు పిల్లలు వాటంతట అవే ఈదుకుంటా బయటికొస్తాయి. తొందరపడితే, గుంట నీళ్ళు ఎంత మంచివైనా సీడ్ దక్కదు.

1992లో జుడిత్ హెర్మన్ అనే అమెరికా సైకియాట్రిస్ట్ ట్రామా నుంచి కోలుకునేదానికి మూడు దశలు చెప్పింది, అందులో మొదటిది భద్రత, అంటే సంచి తేలేయడం. కుర్చీ తలుపు దగ్గర వేసుకుంటారా, ఫ్యాన్ పెట్టమంటారా, ఈ రోజు ఏం మాట్లాడదాం, ఎక్కడ ఆపేద్దాం, ఇవి క్లయింటే తేల్చుకోవాల. ఇవి చిన్న విషయాలు కాదబ్బా, ఆ మనిషి జీవితంలో "వద్దు" అంటే ఎదుటోళ్ళు ఆగింది ఎన్నిసార్లని? మీరు సెలవు పెట్టేది ఉంటే ముందే చెప్పండి. మీ మాట వల్ల క్లయింట్ నొచ్చుకుంటే మీరే ఆ సంగతి ఎత్తి సర్దుకోండి, మనుషుల మధ్య తెగింది అతుక్కుంటది అని ఆ మనిషి బహుశా అక్కడే మొదటిసారి చూస్తది. పద్దెనిమిదేళ్ళ లోపు బిడ్డల మీద లైంగిక నేరం తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం మనం రిపోర్ట్ చేయక తప్పదు, ఆ విషయం మొదటి రోజే చెప్పాల, నమ్మి చెప్పుకున్నాక కాదు.

ఇంకోటి, డాన్ సీగెల్ అనే అమెరికా సైకియాట్రిస్ట్ చెప్పిన విండో ఆఫ్ టాలరెన్స్, అంటే మనిషి ఎమోషన్స్‌ని తట్టుకోగలిగే హద్దు. గుండె దడ, వణుకు, ఏడుపు, ఇవి హద్దు దాటితే అందరికీ కనపడతది. కానీ చాలామంది దీనికి రివర్స్‌లో పోతారు, చూపు ఒకచోట ఆగిపోతది, గొంతు చప్పగా అయిపోతది, కథంతా ఎవురికో జరిగినట్టు చెప్తారు, మనం "అబ్బ, ఎంత ప్రశాంతంగా చెప్తుండారు" అనుకుంటాం! అది ప్రశాంతత కాదు, డిసోసియేషన్, అంటే తట్టుకోలేక మనసు అక్కడి నుంచి తెగి దూరంగా పోవడం. కథ ఆపేయండి, పాదాలు నేలకి ఆనించమనండి, రూములో కనపడే వస్తువుల పేర్లు చెప్పమనండి, కుదుటపడ్డాకే ముందుకి.

రెండో దశలో జ్ఞాపకాల మీద పని, ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదిలిస్తా జ్ఞాపకం మీద పనిచేసే పద్ధతి), ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ట్రామా వల్ల పాతుకున్న ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స) లాంటివి, వీటికి ట్రైనింగ్ లేకుండా చెయ్యి పెట్టొద్దు. మళ్ళీ రొయ్య దగ్గరికే వస్తా, పెంకు విడిచిన రొయ్య కొంతసేపు మెత్తగా ఉంటది, అప్పుడే దాన్ని కదిలించరు. జ్ఞాపకం విప్పిన క్లయింట్ కూడా అంతే, ఆఖరి పది పదిహేను నిమిషాలు కుదుటపడేదానికి ఉంచండి, ఏడుస్తా ఏడుస్తా బస్సెక్కనీయొద్దు. అట్టని ఏళ్ళ తరబడి సిద్ధం చేస్తానే కూర్చోవడం కూడా సరి కాదు, మొదటి దశ అందరికీ అంత పొడుగ్గా అక్కర్లేదని వాదించే రీసెర్చర్లు ఉండారు, వాళ్ళ మాటలో న్యాయముంది, క్లయింట్ రెడీగా ఉంటే మన భయం కోసం ఆపకూడదు.

టైమ్ అయిపోతుండాది. మూడో దశ మళ్ళీ మనుషుల్లో కలవడం, ఉద్యోగం, స్నేహాలు, దాని మీద వేరే వీడియో చేస్తా. హింస ఇంకా జరుగుతా ఉంటే ముందు ఆ మనిషి క్షేమంగా ఉండే ఏర్పాటు చూడాల, ఆడవాళ్ళకి హెల్ప్‌లైన్ 181, బిడ్డలకి 1098. మీరు మాత్రం సూపర్‌విజన్, అంటే అనుభవమున్న థెరపిస్ట్ పర్యవేక్షణ, లేకుండా ఈ కేసులు చూడొద్దు. క్లయింట్‌గా ఉండి ఇది చూస్తున్న అక్కలు, అన్నలు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.