పాడకుండా నిలబడిన ముగ్గురు పిల్లలు మనకేమవుతారు?

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒక అన్న నన్ను గేటు దగ్గర ఆపారు. జాతీయ గీతం పాడలేదని కేరళలో స్కూల్లోంచి తీసేసిన పిల్లల గురించి యూత్ మీటింగ్‌లో నేను చెప్పిన సంగతి ఆయన చెవిన పడింది. "వాళ్లు యెహోవాసాక్షులు కదా తమ్ముడూ. వాళ్ల బోధ వేరు, మన బోధ వేరు. వాళ్ల తరఫున మనం మాట్లాడటమేంటి?" అన్నారు. కోపంతో కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. నిలబడి రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు కాబట్టి ఈ వీడియో చేస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. కొట్టాయం జిల్లా కిడంగూర్, 1985. ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు. ఒకరు పదో తరగతి, ఒకరు తొమ్మిది, చిన్నది అయిదు. రోజూ అసెంబ్లీలో అందరితో పాటు వరసలో నిలబడేవాళ్లు. జనగణమన మొదలైతే చేతులు దించి, నిటారుగా, మర్యాదగా ఉండేవాళ్లు. పెదవి మాత్రం కదిపేవాళ్లు కాదు. తమ దేవునికి చేసే ప్రార్థన తప్ప ఇంకే ఆచారంలోనూ కలవకూడదన్నది వాళ్ల విశ్వాసం. వాళ్ల అక్కలూ అదే స్కూల్లో అలాగే చదువుకున్నారు. ఏళ్ల తరబడి ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ జూలైలో ఒక ఎమ్మెల్యే గమనించారు. ఇదేం దేశభక్తి అని శాసనసభలో అడిగారు. విచారణకు కమిషన్ వేశారు. పిల్లలు బుద్ధిమంతులు, గీతాన్ని అవమానించలేదు అని ఆ కమిషనే రాసింది. అయినా సరే, పైఅధికారి చెప్పారని హెడ్‌మిస్ట్రెస్ జూలై 26న ముగ్గురినీ స్కూల్లోంచి తీసేశారు. తండ్రి వెళ్లి, ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకానైనా కూర్చోనివ్వమని అడిగితే తన చేతుల్లో లేదన్నారు.

హైకోర్టులో సింగిల్ జడ్జి దగ్గర ఓడిపోయారు. డివిజన్ బెంచి దగ్గరా ఓడిపోయారు. చివరికి సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న, స్వాతంత్ర్య దినానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు, పిల్లలను తిరిగి చేర్చుకోమని తీర్పిచ్చింది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు దీన్ని. తీర్పు రాసింది మన తెలుగువాడు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు.

ఆయన ఆలోచన ఎలా సాగిందో చూడండి. జాతీయ గీతాన్ని అడ్డుకుంటేనో, పాడుతున్నవాళ్లకు భంగం కలిగిస్తేనో 1971 చట్టం ప్రకారం నేరం. వీళ్లు ఆ రెండూ చేయలేదు. గీతం వచ్చినప్పుడు లేచి నిలబడ్డారు, అదే గౌరవం. పాడి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. అందరూ పాడాలని విద్యాశాఖ పంపిన సర్క్యులర్ చట్టం కాదు. ఇక్కడి దాకా లాయర్ల మాట. ఆ తర్వాత చెప్పింది నాకు వాక్యంలా అనిపిస్తుంది. ఆ నమ్మకం మన బుద్ధికి, మన మనసుకు నచ్చిందా లేదా అన్నది ప్రశ్నే కాదట. ఆ మనిషి దాన్ని మనస్సాక్షిగా, నిజంగా నమ్ముతున్నాడా అన్నదే ప్రశ్నట. తీర్పు చివర్లో ఆయన రాసిన మాటలు తెలుగులో చెప్తాను: మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయకుందాం.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను అన్నా. మనకెందుకు?

నేను జనగణమన గొంతెత్తి పాడతాను. పాడటంలో నా విశ్వాసానికి ఏ అడ్డూ కనిపించదు. ఆ పిల్లల సిద్ధాంతం తప్పనే నమ్ముతాను. కానీ యోహాను ఆరో అధ్యాయం గుర్తు చేసుకోండి. మాట కఠినంగా ఉందని చాలామంది శిష్యులు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. యేసు ఆపలేదు. ఉన్న పన్నెండుగురి వైపు తిరిగి, మీరు కూడా వెళ్లిపోతారా అని అడిగాడు. తలుపు తెరిచే ఉంచి అడిగాడు. దేవుడే బలవంతం చేయని చోట, ఒక సర్క్యులర్‌కు ఆ అధికారం ఎక్కడిది?

మనది బాప్టిస్టు సంఘం. 1612లో ఇంగ్లండ్‌కు చెందిన థామస్ హెల్విస్ అనే మన బాప్టిస్టు పెద్ద, మనిషి మతం అతనికీ దేవునికీ మధ్య సంగతి, అందులో రాజుకు పని లేదని రాశాడు. తనవాళ్ల కోసమే రాయలేదు. తురకలకూ యూదులకూ మతభ్రష్టులకూ కూడా అదే స్వేచ్ఛ కావాలన్నాడు. అందుకు ఆయన్ని లండన్‌లోని న్యూగేట్ జైల్లో వేశారు.

అది ఎక్కడో సీమలో కథ అనుకుంటే, మన ఒంగోలుకు రండి. 1876 నుంచి 78 దాకా కరువు. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూడు చూపించారు. బాప్తిస్మం ఇవ్వమని జనం వస్తూనే ఉన్నారు. ఆయన ఇవ్వలేదు. కరువు పని నడిచినంతకాలం ఒక్కరికీ ఇవ్వలేదు. ఆకలి మాట్లాడుతోందో మనస్సాక్షి మాట్లాడుతోందో తేలాలని ఆగారు. పని అయిపోయాకే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజులో 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఎక్కువమంది మాదిగలు. ఊళ్లో ఎవరూ ఏ విషయంలోనూ 'నీకేం కావాలి' అని అడగని మనుషులు. మా తాతమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు లెక్క దగ్గర కాదు, దొరగారు ఆగిన దగ్గర గొంతు తగ్గించేది. ప్రలోభాలు చూపి మతం మారుస్తున్నారని మన మీద మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ ఆగడమే గుర్తొస్తుంది.

మన మందిరం మీద రాయి పడిన రోజే మనకు స్వేచ్ఛ గుర్తుకొస్తోంది. ఇది నాకు బాధగా ఉంది. కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న ఆడపిల్లలను క్లాసులోకి రానివ్వనప్పుడు మనలో ఎంతమంది నోరు విప్పాం? 2022 అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరోవైపు తీర్పిచ్చారు. అమ్మాయిల వైపు నిలిచిన జస్టిస్ సుధాంశు ధూలియా ఆధారం చేసుకున్న తీర్పుల్లో ఒకటి, ఈ కిడంగూర్ పిల్లలదే. యెహోవాసాక్షుల ఇంటి పిల్లలు గెలిచిన కేసు, ముప్ఫై ఆరేళ్ల తర్వాత ఆ ఒక్క జడ్జి తీర్పులోనైనా ముస్లిం పిల్లలకు గొడుగైంది. రేపు అదే గొడుగు కింద మన పిల్లలు నిలబడాల్సి రావచ్చు.

క్రైస్తవుడు ఓర్చుకోవాలి కదా, కోర్టులెందుకు అని కూడా కొందరంటారు. ఫిలిప్పీలో పౌలు ఏం చేశాడు? విచారణ లేకుండా నడివీధిలో బెత్తాలతో కొట్టించి, చెరసాలలో వేసి, తెల్లారాక గుట్టుగా వెళ్లిపొమ్మన్నారు. వీపు మీద గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. రాత్రి పాటలు పాడిన మనిషే పొద్దున "మేము ఒప్పము" అన్నాడు. మేం రోమీయులం, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. లూదియ ఇంట్లో అప్పుడే మొదలైన ఆ చిన్న సంఘానికి ఆ పొద్దున ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో ఆలోచించండి.

ఆగస్టు 15 దగ్గర పడుతోంది. ఎప్పటిలాగే మా మందిరం ముందు జెండా ఎగరేస్తాం, సండేస్కూలు పిల్లలకు చాక్లెట్లు పంచుతాం. అన్నా, ఈసారి డబ్బా మీరే పట్టుకోండి. పక్క వీధి నుంచి వచ్చిన పిల్లాడెవరైనా వరసలో నోరు మెదపకుండా నిటారుగా నిలబడితే, వాడి చేతిలోనూ రెండు పెట్టండి.