వెయ్యి డాలర్ల కోసం వెళ్లి చర్చి కట్టినవాళ్లు

శ్రావణి: అందరికీ నమస్కారం. క్లీవ్‌లాండ్ అంటే మనవాళ్లకు త్యాగరాజ ఆరాధనోత్సవాలే గుర్తొస్తాయి. 1978 నుంచి ఏటా జరుగుతున్నాయి మరి. అదే ఊళ్లో రొమేనియన్లది ఇంకా పాత కథ ఉందని బాబాయ్ చాలా రోజులుగా అంటున్నాడు. ఇవాళ అదే విందాం. బాబాయ్, ఎవరు వీళ్లు, అంత దూరం ఎందుకొచ్చారు?

బాబాయ్: ముందు ఒక మెలిక ఉందమ్మా. మొదట్లో వచ్చినవాళ్లలో ఎక్కువమంది రొమేనియా దేశం నుంచి రాలేదు.

శ్రావణి: అదేంటి మరి!

బాబాయ్: మాట్లాడేది రొమేనియన్ భాషే. కానీ వాళ్ల ఊళ్లు ట్రాన్సిల్వేనియా, బనాత్, బుకోవినా ప్రాంతాల్లో ఉండేవి. అప్పట్లో అవన్నీ ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కింద ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాకే రొమేనియాలో కలిశాయి. దాంతో ఓడ దిగేటప్పుడు కాగితాల్లో చాలామందిని హంగరీవాళ్లుగానో ఆస్ట్రియావాళ్లుగానో రాసేశారు. ఎంతమంది వచ్చారో లెక్క తేలకపోవడానికి అదొక కారణం.

శ్రావణి: వ్యవసాయం చేసేవాళ్లేనా?

బాబాయ్: చాలావరకు చిన్న రైతులే. ఉన్న కాస్త భూమి అన్నదమ్ముల మధ్య ముక్కలైపోయింది. 1895 నుంచి 1914 దాకా పెద్ద అల వచ్చింది. ఒహాయోలో యంగ్స్‌టౌన్, కాంటన్, ఇండియానాలో గ్యారీ, ఇలా ఉక్కు ఫ్యాక్టరీలున్న ఊళ్లకు వెళ్లారు. ఎక్కువమంది వయసులో ఉన్న మగవాళ్లు. ఉండిపోదామని ఎవరూ రాలేదు. వెయ్యి డాలర్లు, దాని పైన తిరుగు ప్రయాణం ఖర్చు, ఇంతే వాళ్ల లెక్క. అది వాళ్లలో ఒక నానుడి అయిపోయింది. ఆ వెయ్యితో ఊళ్లో నాలుగు ఎకరాలు కొనాలి, ఇల్లు కట్టాలి.

శ్రావణి: మరి అన్ని డాలర్లు మిగలాలంటే ఎలా బతికేవాళ్లు?

బాబాయ్: బోర్డింగ్ హౌసుల్లో. ఒక పెళ్లయిన జంట ఇల్లు అద్దెకు తీసుకుంటుంది. ఆ ఇంటావిడ పదిమందికీ పైగా వండి పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది. పగలు షిఫ్టువాడు లేచిన మంచంలోనే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. నన్నడిగితే ఈ కథలో అందరికంటే ఎక్కువ పని చేసింది ఆ ఆడవాళ్లే. రికార్డుల్లో మాత్రం సంఘాల అధ్యక్షుల పేర్లే కనిపిస్తాయి.

శ్రావణి: ఎప్పుడూ అంతే! సరే, చర్చి ఎప్పుడొచ్చింది?

బాబాయ్: చర్చి కంటే ముందు సంఘాలొచ్చాయి. 1902లో క్లీవ్‌లాండ్‌లో కార్పతీనా అని ఒకటి, పెన్సిల్వేనియాలోని హోమ్‌స్టెడ్‌లో వుల్తురుల్ అని ఇంకొకటి. నెలనెలా చందా కడితే జబ్బు చేసినప్పుడు కొంత సొమ్ము, చనిపోతే అంత్యక్రియల ఖర్చు. ఉక్కు ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు మామూలే కదా. పరాయి ఊళ్లో చనిపోతే తమ పద్ధతిలో సాగనంపేవాళ్లు కావాలి. పూజారి కావాలనే కోరిక అక్కడ బలపడిందని నా అభిప్రాయం.

శ్రావణి: అంటే పెళ్లిళ్ల కోసం కాదు, చావుల కోసం.

బాబాయ్: మగవాళ్లే ఉన్నచోట పెళ్లిళ్లెక్కడివి? వీళ్లలో ఎక్కువమంది ఆర్థడాక్స్, అంటే పోప్ కింద లేని తూర్పు యూరప్ క్రైస్తవులు. ఆ సంప్రదాయంలో పోయినవాళ్లకు చేయాల్సినవి చాలా ఉంటాయి. నలభయ్యో రోజు, ఏడాది, అలా. గోధుమలు ఉడకబెట్టి, పంచదార, అక్రోటు పప్పు కలిపి కొలీవా అని చేస్తారు. ప్రార్థన అయ్యాక అందరికీ పంచుతారు. మన మాసికాలు, సంవత్సరీకాలు తెలిసినవాళ్లకు ఇది అర్థం కావడం కష్టం కాదు.

శ్రావణి: మొదటి చర్చి క్లీవ్‌లాండ్‌దేనా?

బాబాయ్: అమెరికా వరకూ అదే. సెయింట్ మేరీస్ చర్చి, 1904. ఉత్తర అమెరికా మొత్తం చూస్తే కెనడాలో రెజైనా ఊరి సెయింట్ నికోలస్ ఇంకా ముందుది, 1902. కెనడా సంగతి వేరు. బుకోవినా నుంచి కుటుంబాలతో సహా వచ్చి, ప్రెయిరీల్లో, అంటే గడ్డి మైదానాల్లో, ప్రభుత్వం ఇచ్చిన భూముల్లో సేద్యం మొదలుపెట్టారు. వాళ్లు తిరిగి వెళ్లాలనుకోలేదు. ఆల్బర్టాలో ఒక పల్లెకు తమ సొంతూరు బొయాన్ పేరే పెట్టుకున్నారు.

శ్రావణి: క్లీవ్‌లాండ్‌లో అందరూ ఒకే చర్చికి వెళ్లేవాళ్లా?

బాబాయ్: లేదు. మరుసటి ఏడాదే రెండోది వచ్చింది, సెయింట్ హెలెనా. అది గ్రీక్ కాథలిక్కులది. ట్రాన్సిల్వేనియాలో 1700 ప్రాంతంలో కొందరు రొమేనియన్లు రోమ్ పోప్‌ను అంగీకరించారు. పూజా విధానం మాత్రం పాతదే. వాళ్ల ఫాదర్లకు పెళ్లిళ్లు కూడా అయ్యేవి. అమెరికాలోని ఐరిష్, జర్మన్ కాథలిక్ బిషప్పులకు ఇది అస్సలు మింగుడుపడలేదు. పెళ్లాం పిల్లలతో దిగిన కాథలిక్ ఫాదర్‌ను ఊహించుకో!

శ్రావణి: గొడవలు మొదలయ్యాయన్నమాట.

బాబాయ్: అసలు గొడవ అది కాదు. అది ఆర్థడాక్స్‌వాళ్లలో వచ్చింది. 1929 నాటికి వీళ్ల చర్చిలన్నీ కలిసి తమకొక డయాసిస్, అంటే ఒక బిషప్ కింద నడిచే చర్చిల పరిధి, కావాలని తీర్మానించుకున్నాయి. 1935లో రొమేనియా నుంచి పొలికార్ప్ మొరుష్కా అనే బిషప్ వచ్చాడు. డెట్రాయిట్‌లో బాధ్యతలు తీసుకున్నాడు. ఆయన హయాంలోనే మిషిగన్‌లో గ్రాస్ లేక్ దగ్గర రెండు వందల ఎకరాల పొలం కొన్నారు. పేరు వాత్రా. ఆన్ ఆర్బర్ నుంచి జాక్సన్ వైపు వెళ్లే మనవాళ్లు ఆ పక్కనుంచే వెళ్తుంటారు. చాలామందికి తెలియదు.

శ్రావణి: బిషప్, భూమి, అన్నీ కుదిరాయిగా.

బాబాయ్: 1939లో ఆయన పని మీద రొమేనియా వెళ్లాడు. యుద్ధం వచ్చింది, ఆ తర్వాత కమ్యూనిస్టులు వచ్చారు. మళ్లీ అమెరికా చూడలేదు. 1948లో బలవంతంగా రిటైర్ చేశారు. అమెరికాలోవాళ్లు ఏళ్ల తరబడి బిషప్ లేకుండానే నెట్టుకొచ్చారు.

శ్రావణి: కొత్తాయన్ని పంపలేదా?

బాబాయ్: అక్కడే వచ్చింది చిక్కు. 1950లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లోని చర్చి పెద్దలు ఆండ్రే మొల్దొవాన్ అనే అమెరికా ఫాదర్‌నే పిలిపించుకుని బిషప్‌ను చేసి పంపారు. అమెరికాలో ఎన్నిక జరగలేదు. కమ్యూనిస్టుల మనిషి మాకొద్దని ఎక్కువ చర్చిలు ఎదురుతిరిగాయి. ఆస్తి ఎవరిదని కోర్టుకెక్కారు. అమెరికాలోని వర్గమే గెలిచింది. 1951లో వాళ్లు సొంత బిషప్‌ను ఎన్నుకున్నారు. వలేరియన్ త్రీఫా.

శ్రావణి: ఈ పేరు ఎక్కడో విన్నాను.

బాబాయ్: వినే ఉంటావు. రొమేనియాలో యువకుడిగా ఉన్నప్పుడు ఐరన్ గార్డ్ అనే ఫాసిస్టు సంస్థలో విద్యార్థి నాయకుడు. 1941 జనవరిలో బుకారెస్ట్‌లో ఐరన్ గార్డ్ తిరుగుబాటు చేసింది. ఆ రోజుల్లోనే వందకు పైగా యూదులను చంపేశారు. దానికి ముందు త్రీఫా పేరుతో రెచ్చగొట్టే కరపత్రం వచ్చింది. 1950లో శరణార్థిగా అమెరికా వచ్చినప్పుడు ఈ సభ్యత్వం సంగతి దాచాడు.

శ్రావణి: మరి ఎవరూ పట్టుకోలేదా?

బాబాయ్: పట్టుకోకపోగా, 1955లో అమెరికా సెనేట్‌లో ప్రారంభ ప్రార్థన ఆయన చేతే చేయించారు. రొమేనియా నుంచి వచ్చిన చార్లెస్ క్రెమర్ అనే యూదు డెంటిస్టు మాత్రం వదల్లేదు. దశాబ్దాల తరబడి ఉత్తరాలు రాశాడు, ఫిర్యాదులు చేశాడు. చివరికి 1975లో ప్రభుత్వం కేసు పెట్టింది. 1980లో త్రీఫా పౌరసత్వం వదులుకున్నాడు. 1984లో పోర్చుగల్ వెళ్లిపోయాడు, 1987లో అక్కడే పోయాడు.

శ్రావణి: మరి చర్చికి వచ్చే జనం? వాళ్లేమన్నారు?

బాబాయ్: చాలామంది ఆయన వైపే నిలబడ్డారు. ఇదంతా కమ్యూనిస్టుల ప్రచారం అన్నారు. ఒక్క మాట ఒప్పుకోవాలి, డయాసిస్‌ను నిలబెట్టింది, స్వతంత్రంగా ఉంచింది ఆయనే. వాత్రాలో రొమేనియన్ వలసల చరిత్ర పత్రాలు దాచే హెరిటేజ్ సెంటర్‌కు ఆయన పేరే పెట్టారు. నాకు అది మింగుడుపడదు. చరిత్ర భద్రపరిచే చోటికి, తన చరిత్ర దాచినాయన పేరా?

శ్రావణి: ఇప్పుడు అందరూ కలిసిపోయారా?

బాబాయ్: కలవలేదు. 1989లో రొమేనియా కమ్యూనిస్టు నియంత చౌషెస్కూ పోయాడు, కమ్యూనిజం పోయింది, గొడవకు మూలం పోయింది. అయినా ఇప్పటికీ రెండు వర్గాలే. వాత్రావాళ్లు అమెరికన్ ఆర్థడాక్స్ చర్చి కింద, రెండోవాళ్లు బుకారెస్ట్ కింద. మధ్యలో కలిసే మాటలు జరిగాయి, తెగలేదు. ఆస్తులు, పదవులు, అలవాట్లు ఒకసారి వేరయ్యాక అంత తేలిగ్గా కలుస్తాయా?

శ్రావణి: సరే, ఇవాళ రొమేనియన్లు ఎక్కువ ఉన్నది అమెరికాలో కాదు కదా?

బాబాయ్: కాదు. ఇటలీలో పది లక్షలకు పైనే ఉన్నారు. అక్కడి విదేశీయుల్లో వాళ్లే ఎక్కువ. 2002 నుంచి వీసా లేకుండా యూరప్‌లో తిరగొచ్చు, 2007లో ఈయూలో చేరారు, దాంతో తలుపులు తెరుచుకున్నాయి. మగవాళ్లు కన్‌స్ట్రక్షన్‌కి, ఆడవాళ్లు ఇటలీ ముసలివాళ్లను చూసుకోవడానికి. చాలామంది ఆ ఇళ్లలోనే ఉంటారు. ఆదివారం సెలవు దొరికితే చర్చి. 2008లో ఇటలీకి విడిగా డయాసిస్ ఏర్పాటు చేశారు. చాలాచోట్ల కాథలిక్కులు వాడని పాత చర్చిల్లోనే వీళ్ల పూజలు జరుగుతాయి.

శ్రావణి: లండన్‌లో?

బాబాయ్: ఫ్లీట్ స్ట్రీట్‌లో సెయింట్ డన్‌స్టన్ అని ఆంగ్లికన్ చర్చి ఉంది. లోపల బుకారెస్ట్‌లోని ఆంతిమ్ మఠం నుంచి తెచ్చిన చెక్క ఐకానోస్టాసిస్, అంటే పూజాస్థలం ముందు నిలబెట్టే దేవుడి బొమ్మల అడ్డుగోడ, ఉంది. 1966లో పెట్టారు. కమ్యూనిస్టు రోజుల్లోనే! అప్పుడు లండన్‌లో ఉన్న రొమేనియన్లు కొద్దిమందే. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో రొమేనియాలో పుట్టినవాళ్లు 5 లక్షల 39 వేలు. ఇండియా, పోలాండ్, పాకిస్తాన్ తర్వాత నాలుగో స్థానం.

శ్రావణి: వీళ్లు కూడా వెనక్కి వెళ్తామనే అంటారా?

బాబాయ్: అంటారు. ఊళ్లో ఇల్లు కూడా కడుతున్నారు. మూడంతస్తులు కట్టి తాళం వేసి వస్తారు, ఆగస్టులో వెళ్లి రెండు వారాలు ఉంటారు. ఈలోపు పిల్లలు ఇటాలియన్ బడికి పోతుంటారు.

శ్రావణి: మా వీధిలో కూడా అలాంటి ఇళ్లున్నాయి బాబాయ్! వచ్చేవారం కెనడా ప్రెయిరీల్లో ఆ బొయాన్ పల్లె గురించి వివరంగా మాట్లాడదాం. మీలో ఎవరైనా క్లీవ్‌లాండ్‌లో ఉంటే, వారెన్ రోడ్డులో ఉన్న సెయింట్ మేరీస్ చూసి రండి. ఒక మ్యూజియం కూడా ఉంది. ఎలా ఉందో మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. ఉంటాం.