చైన్‌సా పక్కకు లాగుతోందా? ఆకురాయి పక్కనపెట్టి ముందు బార్ తిరగేయండి

నమస్కారం. ఈ దుంగ చూడండి. కోత పైన నిలువుగా మొదలైంది, అడుగుకు వచ్చేసరికి రెండు వేళ్ల మందం కుడికి జరిగిపోయింది. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వస్తే బెంగళూరులో గుల్‌మొహర్ కొమ్మలు విరిగి పడటం మామూలే. మా లేఅవుట్‌లో అలా పడినవాటిని ముక్కలు చేస్తుంటే వచ్చిన కోత ఇది. నిలబడి ఉన్న చెట్టు జోలికి మాత్రం ఊరికే వెళ్లకండి. 1976 నాటి కర్ణాటక చట్టం ప్రకారం దానికి వృక్షాధికారి అనుమతి కావాలి.

రంపం వంకరగా కోస్తే చాలామంది పళ్లన్నీ అరగదీయడానికి కూర్చుంటారు. తప్పు బార్‌ది, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఉక్కు పలకది అయితే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీసి, గ్లౌజులు తొడుక్కుని, బార్‌ను కింది అంచు పైకి వచ్చేలా తిరగేసి బిగించండి. చైన్ ఎప్పటిలాగే ఎక్కించాలి. మళ్లీ కోయండి. వంపు తగ్గినా, రెండోవైపుకు మారినా తప్పు బార్‌ది. అదే వైపు అంతే లాగితే చైన్‌ది.

చైన్ సంగతే ఎక్కువగా ఎదురవుతుంది. పళ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఉంటాయి. రెండు వైపులా సమానంగా తినాలి. మనవాళ్లలో ఎక్కువమందిది కుడిచేతి వాటం, అందుకే ఒక వైపు ఆకురాయి గట్టిగా పడుతుంది, రెండో వైపు తేలిపోతుంది. ఆ వైపు పళ్లు పొడుగ్గా మిగులుతాయి, రంపం అటే లాగుతుంది. వెర్నియర్‌తో కొలవండి. అన్నిటికంటే పొట్టి పన్ను ఏదో చూసి మిగతావన్నీ దాని పొడవుకు తేవాలి. ఆకురాయి పట్టే కోణం చాలా చైన్లకు 30 డిగ్రీలు. పంటి మీద గీసిన గీతను చూసుకుంటూ అరగదీయండి. పంటి ముందున్న చిన్న మెట్టు, అదే డెప్త్ గేజ్, పంటి కొసకంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. ఒకవైపు మెట్లు ఎత్తుగా ఉంటే ఆ పళ్లు ఎంత పదునున్నా చెక్కలోకి దిగవు.

ఇక మేకులు. మన రోడ్డు పక్క చెట్లకు పీజీ బోర్డులు, ట్యూషన్ బోర్డులు ఎన్ని కొట్టారో లెక్కలేదు. బోర్డు ఊడిపోతుంది, మేకు బెరడు లోపలికి వెళ్లిపోతుంది. దానికి తగిలితే ఒకవైపు పళ్లే మొద్దుబారవచ్చు. ఇదిగో, ఈ పన్ను అంచు దగ్గరగా చూపిస్తాను: వెలుతురుకు తెల్లగా మెరుస్తోంది కదా? మెరిస్తే మొద్దుబారినట్టే. పదునైన అంచు వెలుతురును తిప్పికొట్టదు.

బార్ తప్పయితే చైన్ తీసేసి, బార్‌ను చదునైన గాజు పలక మీద అంచున నిలబెట్టండి. పక్కకు వాలితే ఒక పట్టా, అంటే చైన్ నడిచే గాడికి ఒక పక్కనున్న అంచు, అరిగింది. బల్లపరుపు ఆకురాయితో రెండు పట్టాలూ సమానం చేయవచ్చు. కానీ గాడి వెడల్పయి చైన్ అటూఇటూ ఊగుతుంటే సుత్తితో నొక్కి సరిచేసే ప్రయత్నం వద్దు, కొత్త బార్ కొనండి. పదును పెట్టిన ప్రతిసారీ తిరగేస్తూ ఉంటే బార్ ఇంత త్వరగా అరగదు.

చైన్ కొనడానికి బయలుదేరే ముందు బార్ మీద ముద్రించిన అంకెలను ఫోనులో ఫొటో తీసుకోండి. గాడి 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లు, ఇలా రకరకాలుగా ఉంటుంది. 1.5 గాడిలో 1.3 చైన్ ఎక్కుతుంది, తిరుగుతుంది కూడా. అందుకే దుకాణంలో ‘సరిపోతుంది సార్’ అనేస్తారు. కానీ అది గాడిలో వదులుగా ఊగి మళ్లీ వంకరగానే కోస్తుంది.