రొయ్య ఫ్లైకి ఏం కొనాలి, ఏం వదిలెయ్యాలి

అందరికీ నమస్కారం అండి. మాది భీమవరం వైపు, కానీ నేను ఫ్లై, అంటే హుక్‌కి ఈకలు, పోగులు చుట్టి చేసే చేప ఎర, వేసేది ఇక్కడే టెక్సాస్‌ తీరంలోని గాల్వెస్టన్‌లో, రెడ్‌ఫిష్ అనే చేప కోసం. రొయ్య ఫ్లైకి మెటీరియల్ ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు.

షాపుకెళ్ళి రొయ్య అనగానే చాలామంది చెయ్యి గులాబీ, నారింజ రంగు ప్యాకెట్ల మీదకి పోతుంది, మనకి గుర్తొచ్చేది ఇగురులో రొయ్య కదా. ఆ ఎరుపు వండితేనే వస్తుందండి. అస్టాజాంథిన్ అనే రంగు పచ్చి రొయ్య పెంకులో ఒక ప్రోటీన్‌ని అంటుకుని ఉంటుంది, వేడికి ఆ ప్రోటీన్ చెదిరిపోయి రంగు బయటపడుతుంది. బతికున్న రొయ్య గాజులా ఉంటుంది. చెరువు మీద చెక్ ట్రే, అంటే మేత పెట్టి చూసే తట్ట, లాగి, మేత తిందో లేదో అని రొయ్యని ఎండకి ఎత్తి చూసేవాళ్ళం, ఒంట్లోంచి నల్లటి పేగు గీత గీసినట్టు తోకదాకా కనపడేది. నేను కట్టేది ఆ రొయ్యని.

అందుకే నేను ముందు చూసేది మెటీరియల్‌లోంచి వెలుతురు వస్తుందా అని, రంగు ఆ తర్వాతే. క్రాఫ్ట్ ఫర్ అనే కృత్రిమ బొచ్చు గానీ సన్నటి సింథటిక్ ఫైబర్ గానీ, లేత గోధుమ, బూడిద, ఆలివ్ చాలు. ఒక చిటికెడు తడిపి కిటికీకి ఎదురుగా పట్టుకోండి, తడిస్తే రంగు ముదురుతుంది, పొడిగా చూసి కొంటే మోసపోతాం. కింద చుట్టే దారం కూడా తెల్లదో, క్లియర్ మోనో, అంటే ఒంటిపోగు నైలాన్ దారమో వాడండి, నల్ల దారమైతే పైకి కనపడిపోతుంది. వీపు మీద ఒక్క పోగు ముదురు గోధుమ దారం పరిచి దాని మీద యూవీ రెజిన్, అంటే యూవీ లైటు పడితే గట్టిపడే జిగురు, పల్చగా రాస్తే అదే పేగు. రెజిన్ మందంగా పోస్తే మాత్రం టేబుల్ మీద ఎంత అందంగా ఉన్నా నీళ్ళలో పుల్ల ముక్కే, నాకస్సలు నచ్చదు.

కళ్ళకి 50 పౌండ్ల బరువు ఆపే మోనో ముక్క లైటర్‌తో కాలిస్తే చివర గుండ్రంగా ఉండకడుతుంది, నల్ల నెయిల్ పాలిష్‌లో ముంచండి, కాడ మీద కన్ను అచ్చం అలాగే ఉంటుంది. మీసాలకి క్రిస్టల్ ఫ్లాష్ అనే మెరిసే పోగులు రెండు చాలు. రొయ్యకి లేదా బారెడు మీసం అంటారు కదా, మీసం మీద పెట్టే టైమ్ కాళ్ళ మీద పెట్టండి, ఫ్లై ఆగినప్పుడు కూడా కదలాల్సింది అవే, మెత్తటి కోడి ఈక చుట్టండి లేదా సన్నటి సిలికాన్ లెగ్స్.

రొయ్య బెదిరితే తోక కొట్టి వెనక్కి దూకుతుంది, కాబట్టి తల, కళ్ళు హుక్ వంపు వైపు, తోకేమో గాలం తాడు కట్టే హుక్ రింగు వైపు రావాలి. బరువు ఆ రింగు దగ్గర, హుక్ కాడకి పైభాగాన కట్టండి, అప్పుడు ఫ్లై తిరగబడి ముల్లు పైకొస్తుంది, గడ్డిలో చిక్కుకోదు. మోకాలి లోతుకి బరువుగా బీడ్ చైన్, అంటే లోహపు పూసల గొలుసులోంచి రెండు పూసలు చాలు, 1977లో బహమాస్‌లోని ఆండ్రోస్ దీవిలో బాబ్ నౌహైమ్ కట్టిన క్రేజీ చార్లీ అనే ఫ్లైకి కూడా అవే కళ్ళు. లోతైతే సీసం డంబెల్, రెండు చివర్లా గుండ్లున్న బరువు. హుక్ 4వ సైజు, ఉప్పునీళ్ళకి చేసిందే, ఏటి హుక్ తుప్పు పడుతుంది.

సరే, వైస్‌లో, అంటే హుక్ పట్టుకునే బిగింపులో, హుక్ పెట్టాను, లైటర్ ఇలా ఇవ్వండి, ముందు కళ్ళు కాలుద్దాం.