చారాణ బిళ్ల

శ్రోతలకు నమస్కారం.

చిన్నప్పుడు పాలమూరు నుంచి కర్నూలుకు పోతుంటే, బస్సు బీచుపల్లి వంతెన ఎక్కగానే అమ్మ నా చేతిలో ఒక చారాణ పెట్టేది. కిటికీలోంచి కృష్ణమ్మకు వేసి దండం పెట్టుకోవాలి. అంత చిన్న బిళ్ల, అంత పెద్ద నది! ఎక్కడ పడిందో కనబడేది కాదు.

25 పైసలను పావలా అనేవాళ్లు ఉన్నారు. మనకు మాత్రం అది చారాణ. చార్ ఆణా, అంటే నాలుగు అణాలు. రూపాయికి 16 అణాలున్న కాలం నాటి మాట. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయా పైసలయ్యాయి. అప్పటి మన పెద్దలను తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. అప్పటికే ఏడు హాలీ సిక్కా రూపాయలకు, అంటే నిజాం రాజ్యపు రూపాయలకు, ఆరు భారత రూపాయలని ఒక లెక్క నేర్చుకున్నారు, మళ్లీ ఇదొకటి. అణాకు ఆరుంపావు పైసలు. రెండణాలకు పన్నెండున్నర. నాలుగణాల దగ్గరికి వస్తేనే లెక్క సరిగ్గా 25కు తెగుతుంది. పాత పేరు కొత్త బిళ్ల మీద నిలిచింది ఇందుకేనని నా నమ్మకం. "చారాణ కోడికి బారాణ మసాలా" అని ఇవాళ్టి పిల్లలు కూడా అంటున్నారు కదా!

మొదటి బిళ్ల నికెల్‌ది. దాని మీద హిందీలో "రూపాయిలో నాలుగో భాగం" అని రాసి ఉండేది. కొత్త లెక్క అలవాటయ్యే దాకా జనానికి అది ఆసరా. నాకిష్టమైనది మాత్రం 1988లో వచ్చిన స్టీలు బిళ్ల. 19 మిల్లీమీటర్ల వెడల్పు, మూడు గ్రాములు కూడా లేదు. అంత చోటులోనే ఒంటికొమ్ము ఖడ్గమృగం, దాని ఒంటి మీది మడతలతో సహా నిలబడి ఉంటుంది. చెక్కినవారి చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

2002 తర్వాత ఆ బిళ్లలు కొట్టలేదు. 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటు కూడా ఆగిపోయింది.

మీ ఇంట్లో చారాణ దొరికితే పారేయకండి. సంవత్సరం కింద పరీక్షగా చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్‌లో తయారైన బిళ్ల. ఆ టంకశాల ముందు సైఫాబాద్‌లో ఉండేది, మింట్ కాంపౌండ్ అంటామే, అక్కడే. 1997లో చర్లపల్లికి మారింది. నా దగ్గర మిగిలిన ఒక్క చారాణకూ ఆ నక్షత్రం ఉంది.

సెలవు.