క్యాన్సర్ వచ్చేశాక జీన్ టెస్ట్ ఎందుకు?

అందరికీ నమస్తే. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. చంద్రగిరి చెల్లెలు ఒకామె అడిగింది: "అన్నా, అమ్మకి అండాశయ క్యాన్సర్. ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. ఇప్పుడు బీఆర్‌సీఏ టెస్ట్ రాశారు. జబ్బు వచ్చేశాక ఇదెందుకు, డబ్బు దండగ కాదా?"

దండగ కాదమ్మా. మన ఒంట్లో ఒక్కో కణంలో డీఎన్ఏ రోజూ వేల చోట్ల దెబ్బతింటుంది. ఎండా పొగా తగలక్కర్లేదు, ఊరికే బతికినా అంతే. దాన్ని ఎప్పటికప్పుడు బాగుచేసే జీన్లు ఉన్నాయి. ఆ రిపేరు ఎలా జరుగుతుందో చూపించినందుకే 2015లో లిండాల్, మోడ్రిచ్, సంకార్‌లకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. డీఎన్ఏ రెండు పోగులూ తెగితే తప్పు లేకుండా అతికించడంలో బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జీన్లు ముఖ్యం. అవి పాడయ్యాయా అని చూసేదే ఈ టెస్ట్. అవి పాడైతే కణం ఎలాగోలా అతికించేస్తుంది. తప్పులు పేరుకుంటాయి, క్యాన్సర్‌కి దారి పడుతుంది.

క్యాన్సర్‌ని పుట్టించిన ఆ లోపమే దానికి బలహీనత కూడా. కీమోలో ఇచ్చే కార్బోప్లాటిన్, సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం మందులు చేసే పనే డీఎన్ఏని దెబ్బకొట్టడం. మామూలు కణాలు చాలావరకు తేరుకుంటాయి. రిపేరు చేతకాని క్యాన్సర్ కణం తేరుకోలేదు. అందుకే ఈ లోపం ఉన్న అండాశయ క్యాన్సర్లు ప్లాటినం మందులకి బాగా లొంగుతాయి.

ఆ తర్వాత ఒలాపరిబ్ అనే మాత్ర ఉంది. అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. 2021 డిసెంబరులో తిరుమల పైకెళ్ళే ఘాట్ రోడ్డు మీద బండరాళ్ళు పడితే, బండ్లన్నీ దిగే రోడ్డులోనే నడిపారు, గుర్తుందా? అదీ మూసేస్తే బండి కదలదు. బీఆర్‌సీఏ దారి మూసుకుపోయిన కణం పార్ప్ అనే ఇంకో రిపేరు దారి మీద ఆధారపడుతుంది. ఈ మాత్ర దాన్నీ మూసేస్తుంది. మంచి కణాలకి మొదటి దారి తెరిచే ఉంటుంది కాబట్టి అవి నిలబడతాయి.

మెదడులో వచ్చే గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌లోనూ ఇలాంటిదే. ఎంజీఎంటీ అనే రిపేరు జీన్ ఆగిపోయి ఉంటే టెమొజొలొమైడ్ అనే కీమో మందు మెరుగ్గా పనిచేస్తుంది.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. కొందరిలో క్యాన్సర్ కణాలు కొన్నాళ్ళకి ఆ పాడైన జీన్‌ని మళ్ళీ పనిచేసేలా మార్చుకుంటాయి. బాగా పనిచేసిన మందే పనిచేయడం మానేస్తుంది. ఇది అమ్మ పథ్యం తప్పినందువల్ల కాదు, దయచేసి ఆ మాట ఇంట్లో అననివ్వకండి.

లోపం పుట్టుకతో వచ్చిందని తేలితే, అమ్మ పిల్లల్లో ఒక్కొక్కరికీ, మగపిల్లలకైనా సరే, ఆ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. సంబంధాలు చెడతాయని రిపోర్టు దాచేవాళ్ళున్నారు. దాచొద్దు. ముందే తెలిస్తే జాగ్రత్తగా పరీక్షలు చేయించుకోవచ్చు.

చెల్లెమ్మా, ఈ టెస్ట్ రక్తంతోనూ చేస్తారు, ఆపరేషన్లో తీసిన గడ్డ ముక్కతోనూ చేస్తారు. ఆ ముక్కని మైనంలో దిమ్మెగా చేసి ల్యాబ్‌లో దాచి ఉంచుతారు, బ్లాక్ అంటారు. దాని నంబరు బయాప్సీ రిపోర్టు మీద ఉంటుంది. ఫోటో తీసి పెట్టుకో, డాక్టరు అడిగితే చూపించు.